తెగులుకు పేరు పెట్టినవాడు

ఎడ్విన్ జాన్ బట్లర్ 1874లో ఐర్లండులో పుట్టాడు. చదివింది వైద్యం; జీవితమంతా చికిత్స చేసింది మొక్కలకు. 1901లో మన దేశానికి వచ్చి, 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయంలో ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడయ్యాడు. 1918లో అతడు ప్రకటించిన గ్రంథమే మన పైరుల తెగుళ్ళ శాస్త్రానికి పునాది.

బట్లర్‌కు తెలుగునేలతో సంబంధం తాటిచెట్టు వల్ల కలిగింది. గోదావరి డెల్టాలో తాళ్ళు మొవ్వుకుళ్ళి చస్తుంటే, దానికి కారణమైన శిలీంధ్రాన్ని పట్టి 1907లో పేరు పెట్టాడు. రోగం సోకిన చెట్ల తలలు నరికి కాల్చాలన్నది సర్కారు ఉపాయం. శాస్త్రరీత్యా అది సబబే. మొవ్వు చచ్చిన తాడు మళ్ళీ చిగురించదు. కాని తాడు పోతే గీతకాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది సూక్ష్మదర్శినికి కనపడే విషయం కాదు. మా జనగామలో ఏ గీతకాణ్ణి అడిగినా ముందు ఈ ప్రశ్నే వేస్తాడు.

బట్లర్ 1943లో చనిపోయాడు. ఆ ఏడే వంగదేశంలో కరువు ముప్ఫై లక్షలమందిని పొట్టనబెట్టుకుంది. 1942 వరిపైరును గోధుమమచ్చ తెగులు దెబ్బతీసిన మాట నిజం. ఆ శిలీంధ్రమే కరువుకు మూలమని 1973లో పద్మనాభన్ అనే శాస్త్రజ్ఞుడు వాదించాడు. కాని 1943లో దొరికిన బియ్యం అంతకు ముందు అయిదేళ్ళ సగటుకన్న సుమారు 5 శాతమే తక్కువనీ, 1941కన్న ఎక్కువేననీ అమర్త్యసేన్ 1981లో లెక్కగట్టి చూపాడు. బియ్యం ఉంది, కొనే శక్తి కూలివానికి లేదు. ఆ నేరం శిలీంధ్రం మీద మోపితే పాలకులు తప్పించుకున్నట్టే.

ఇది గడిచిన కథ అనుకోవద్దు. 2021 చివర నల్ల తామరపురుగు మహబూబాబాద్, భూపాలపల్లి మిరపతోటలను తుడిచిపెట్టింది. నేను చూసిన చేలల్లో రైతులకు పైముడత తామరపురుగుదనీ, కిందిముడత నల్లిదనీ తెలుసు. బొబ్బర వైరస్‌కు మందు లేదనీ తెలుసు. అయినా అప్పు పెట్టిన దుకాణదారు ఇచ్చిన సీసాయే కొట్టారు. తెలియక కాదు, కాదనే స్వతంత్రం లేక.

తెగులుకు పేరు పెట్టే విద్యను బట్లర్ మనకిచ్చాడు. ఆ ఋణం కాదనలేం. అప్పుకు కూడా అంత నిక్కచ్చిగా రోగనిర్ణయం చేయడం వృక్షశాస్త్రం చదివే, చెప్పే మనందరి మీదా ఉన్న పని.