పైన్ అడవిని తొలిచిన పురుగు

1890ల్లో అమెరికాలోని దక్షిణ డకోటాలో, బ్లాక్ హిల్స్ కొండల మీద పాండరోసా పైన్ చెట్లు తోపులకు తోపులే ఎండిపోయాయి. సంగతేమిటో చూడడానికి 1901లో ఆండ్రూ డెల్మర్ హాప్కిన్స్ అనే కీటక శాస్త్రవేత్త అక్కడికి వెళ్లాడు. ఆ చావులకు కారణం బెరడు కింద ఉంది: బియ్యపు గింజంత నల్లటి పెంకు పురుగు. 1902లో దానికి డెండ్రోక్టోనస్ పాండరోసే అని పేరు పెట్టాడు. పడమటి కొండల్లో ఇతర పైన్ జాతులను తినేది వేరే పురుగని ఆయన అనుకున్నాడు. రెండూ ఒకటేనని 1963లో తేల్చారు. ఇవాళ దాన్ని మౌంటెన్ పైన్ బీటిల్ అంటున్నారు.

మొదట ఆడపురుగు వచ్చి బెరడు తొలుస్తుంది. చెట్టు ఊరుకోదు, జిగురు కార్చి దాన్ని బయటికి నెట్టాలని చూస్తుంది. ఆ జిగురు రంపపు పొట్టుతో కలిసి కన్నం దగ్గర ఎర్రటి ముద్దగా గడ్డకడుతుంది. ఈలోగా పురుగు వదిలిన వాసనకు వందలాది పురుగులు వచ్చి పడతాయి. వాటి వెంట వచ్చిన శిలీంధ్రం చెక్కను నీలంగా మార్చి నీటి దారులు మూసేస్తుంది. చెట్టు చచ్చినా ఆకు కొన్ని నెలలు పచ్చగానే ఉంటుంది, మరుసటి వేసవికి ఎర్రబడుతుంది. అటవీ సిబ్బందికి చిక్కంతా ఇక్కడే. ఎర్రబడ్డాక నరికితే లాభం లేదు, అప్పటికి పురుగులు పక్క చెట్టుకు ఎగిరిపోయి ఉంటాయి.

చెట్లు నరికి బెరడు ఒలిచారు, కాల్చారు, తర్వాత మందులూ కొట్టారు. మరోవైపు ఇరవయ్యో శతాబ్దమంతా కార్చిచ్చులను ఎక్కడికక్కడ ఆర్పేశారు. దాంతో ఈ పురుగు కోరుకునే ముదురు లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు ఎక్కడ చూసినా పెరిగిపోయాయి. మైనస్ 40 డిగ్రీల చలి కొన్నాళ్లు ఉంటే లార్వాలు చచ్చిపోతాయి. అలాంటి చలికాలాలూ అరుదయ్యాయి. నేరమంతా పురుగు మీదకే నెట్టడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

1990ల్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మొదలైన విజృంభణ దాదాపు 1.8 కోట్ల హెక్టార్లకు పాకింది. కలపకు పనికొచ్చే పైన్‌లో సగానికి పైగా చచ్చింది. నీలిచారల చెక్కను పారేయలేదు. 2010 శీతాకాల ఒలింపిక్స్ కోసం రిచ్‌మండ్‌లో కట్టిన స్కేటింగ్ భవనం పైకప్పుకు వాడారు. కానీ కార్బన్ పీల్చుకునే అడవే కార్బన్ వదిలే అడవిగా మారిందని 2008లో కెనడా అటవీ పరిశోధకులు లెక్కగట్టారు.

2006లో పురుగులు గుంపులుగా రాకీ పర్వతాలు దాటి ఆల్బెర్టాలో దిగాయి. 2011 నాటికి అవి జాక్ పైన్ చెట్ల మీదా కనిపించాయి. జాక్ పైన్ అడవులు అక్కడి నుంచి తూర్పున అట్లాంటిక్ తీర రాష్ట్రాల దాకా విస్తరించి ఉన్నాయి.