గ్రంథాలయ సభ నుంచి ఆవిష్కరణ సభకు: హైదరాబాదు తూర్పు దారిలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పుస్తకావిష్కరణ సభ తెలుగు సాహిత్య జీవితంలో అతి పరిచితమైన సందర్భం. బహుశా ఆ పరిచయం వల్లనే పరిశోధకుల దృష్టి దాని మీద తక్కువగా పడింది. సాహిత్య చరిత్ర రచనలో పీఠికలు, సమీక్షలు, లేఖలు, పత్రికా వివాదాలు ఆధారాలుగా స్థిరపడ్డాయి. ఒక గ్రంథం తొలిసారి పాఠకుల ముందుకు వచ్చిన సభను, ఆ సభ జరిగిన చోటును, అక్కడ ఎవరికి మాట్లాడే అవకాశం దక్కిందన్న అంశాన్ని ఆధారంగా స్వీకరించడం అరుదు. ఆ సభకు హైదరాబాదులో ఉన్న పూర్వచరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు ఉప్పల్, నాచారం ప్రాంతాలను ఎన్నుకోవడానికి కారణం ఉంది. తెలంగాణలో తెలుగు గ్రంథాలయోద్యమానికి ఆది స్థానాలు రెండు. ఒకటి 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. రెండవది 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం. ఈ రెండు ఊళ్ళను కలిపే దారి ఉప్పల్ మీదుగానే సాగుతుంది. దారికి రెండు కొసలా ఉన్న సంప్రదాయం నడుమ నున్న ఊరికి ఎంతవరకు అందింది అన్నది ఇక్కడి ప్రశ్న. తెలంగాణలో గ్రంథాలయం పుస్తకాలు దాచే చోటుగా ఎంత పనిచేసిందో తెలుగులో మాట్లాడే చోటుగా అంత పనిచేసింది. నేటి ఆవిష్కరణ సభ ఆ వేదికను వారసత్వంగా పొందింది గాని, ఆ వేదిక ముందు పాఠకుడికున్న స్థానాన్ని పొందలేదు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కృతిపతి పేరు, పాఠకుల ఇల్లు

అచ్చు రాకముందు తెలుగు గ్రంథం లోకంలోకి వచ్చిన ప్రధాన సందర్భం కృతి సమర్పణ. కవి, కృతి, కృతిపతి అనే ముగ్గురి మధ్య జరిగిన సంబంధమది. సభాసదులు సాక్షులు, నిర్ణేత కృతిపతి. అవతారికలోని షష్ఠ్యంతాలు ఆ సంబంధాన్ని కావ్యశరీరంలోనే నిలిపాయి. పెద్దన మనుచరిత్రను అంకితం పొందిన కృష్ణదేవరాయలు ఆ వ్యవస్థకు తెలుగువారి మనసులో నిలిచిన ప్రతినిధి.

1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట ప్రారంభమైన గ్రంథాలయానికి ఆ రాయల పేరే పెట్టడం గమనింపదగింది. స్థాపకులలో మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు, ఆయన వద్ద దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు ముఖ్యులు. సంస్థానాధిపతుల ఆదరణ ఇక్కడా ఉంది. అయితే ఆ ఆదరణను అందుకున్నది ఒక కవి కాదు, ఒక పాఠకసమాజం. పేరు కృతిపతిది, ఇల్లు మాత్రం చందాదారులది, పత్రిక చదువుకోవడానికి వచ్చేవారిది, వక్త మాట వినడానికి కూర్చునేవారిది. రాయల సంస్మరణకు ఇక్కడ సిద్ధించిన అర్థం రాజాశ్రయం కాదు, భాషాగౌరవం. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగుకూ ఒక ప్రభువు ఉండేవాడని చెప్పుకోవడమే ఆ పేరులోని ధ్వని.

భాషానిలయం స్థాపకులే 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రను మండలి 1907లో తొలి ప్రచురణగా వెలువరించింది. మొదట చదివే చోటు, తర్వాత ప్రచురించే సంస్థ ఏర్పడిన ఈ క్రమం ముఖ్యమైనది. ఇక్కడ పుస్తకం పాఠకుల కోసం వెదకలేదు. పాఠకుల అవసరం నుంచి పుస్తకం పుట్టింది. ఒక వ్యక్తికి అంకితమైన కావ్యం స్థానంలో, చందాదారులందరికీ చేరే వచన గ్రంథం వచ్చింది. కృతిపతి స్థానం ఒకరి నుంచి పలువురికి మారిన సందర్భంగా దీనిని చూడవచ్చు.

వేదిక మీద తెలుగు

గ్రంథాలయానికి సభ ఎంత అవసరమో 1921 నవంబరు 12 నాటి ఘటన తెలుపుతుంది. హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభలోని కొందరు గేలిచేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొద్దిమంది ఆంధ్రులు కూడి ఆంధ్రజన సంఘాన్ని స్థాపించారు. గ్రంథాలయాలను, పఠనాలయాలను, పాఠశాలలను నెలకొల్పడం దాని ఆశయాలలో చేరింది. తెలుగులో మాట్లాడేందుకు చోటు దొరకనివారు తెలుగులో చదివే చోట్లను నిర్మించ పూనుకోవడం ఆలోచించవలసిన విషయం. చదవడం, మాట్లాడడం వారికి వేర్వేరు పనులు కావు.

ఆ కాలంలో బహిరంగ సభకు ముందుగా ప్రభుత్వానుమతి పొందాలన్న నిబంధన, గస్తీ నిషాన్ తిర్పన్‌గా ప్రసిద్ధమైనది, అమలులోకి వచ్చింది. దానిని రద్దుచేయాలని ఆంధ్రోద్యమం పలుమార్లు కోరింది. అటువంటి స్థితిలో గ్రంథాలయానికి ఒక సౌలభ్యం ఉంది. వార్షికోత్సవం, పండిత సన్మానం, కవిజయంతి, కావ్యపఠనం వంటివి దాని నిత్యకృత్యాలు. రాజకీయ సభ కాని సభ అక్కడ సాధ్యమైంది. కాలక్రమంలో అక్కడినుంచే రాజకీయ చైతన్యమూ బయలుదేరింది. భాషానిలయం స్థిరపడిన సుల్తాన్ బజారు నాటి రెసిడెన్సీ బజారులోనిది. 1933లో నిజాముకు తిరిగి అప్పగించే వరకు ఆ ప్రాంతం బ్రిటిషు రెసిడెంటు పరిపాలనలో ఉంది. తెలుగు సభలకు ఆ ప్రాంతం అనుకూలం కావడంలో ఈ పరిపాలనా భేదం పాత్రను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో జరిగిన గ్రంథాలయ మహాసభలు ఈ సంస్కృతిని జిల్లాలకు విస్తరింపజేశాయి. ఆంధ్రజన సంఘం క్రమంగా విస్తరించి 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభగా సమావేశమైంది. అంటే గ్రంథాలయ మహాసభలు ఆంధ్రమహాసభకు ముందే జరిగాయి. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’లో గ్రంథాలయాలకు ఇచ్చిన ప్రాముఖ్యం ఈ క్రమాన్నే సూచిస్తుంది. ఆయన దృష్టిలో గ్రంథాలయం ఉద్యమానికి అనుబంధం కాదు, ఆరంభం.

ఇదే కాలానికి చెందిన మరి రెండు ప్రయత్నాలు పుస్తకం ప్రజల్లోకి వెళ్ళిన తీరును చెబుతాయి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న నిందకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవులు ఒకచోట కనిపించిన ఆ సంచిక ఒక విధంగా అచ్చులో జరిగిన సభ. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. ఆయన వద్ద ఆవిష్కరణ ఒకనాటి వేడుక కాదు; ప్రతి ఊరిలో, ప్రతి కొనుగోలుదారుతో జరిగిన సంభాషణ.

చట్టం తెచ్చిన భద్రత, మౌనం

హైదరాబాదు రాష్ట్రంలో 1955లో గ్రంథాలయ చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి చట్టంతో కలిపి, ఆ రెంటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం ఏర్పడింది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇవ్వడం దీని ఆర్థిక పునాది. ప్రస్తుతం ఆ పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. చందాలు, విరాళాల మీద ఆధారపడిన గ్రంథాలయానికి ఇది గొప్ప భద్రత.

మద్రాసు చట్టం స్థానిక గ్రంథాలయ సంస్థల అధికారాలను చెబుతూ భవనాలు, పుస్తకాలు, ఉద్యోగులతోపాటు ఉపన్యాసాల ఏర్పాటును కూడా పేర్కొన్నది. అంటే చట్టకర్తల ఊహలో గ్రంథాలయం మాట వినిపించే చోటే. అయితే పన్ను మీద నడిచే వ్యవస్థలో లెక్కకు వచ్చేవి పుస్తకాల సంఖ్య, చందాదారుల సంఖ్య, వచ్చిపోయేవారి సంఖ్య. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలను మినహాయిస్తే, సభ క్రమంగా శాఖాగ్రంథాలయపు నిత్యకృత్యం నుంచి తొలగింది.

దీనికి మరొక కారణం కూడా తోడైంది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం నుంచి శివారు శాఖల వరకు పఠనమందిరాలు నేడు ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువతతో నిండి ఉంటాయి. వారికి నిశ్శబ్దం జీవనోపాధికి సంబంధించిన అవసరం. అద్దె గదుల్లో చదువుకునే చోటు లేని విద్యార్థిని లేపి సభకు కుర్చీలు వేయడం న్యాయం కాదు. కనుక గ్రంథాలయంలో సభ లోపించడాన్ని ఉదాసీనతగా మాత్రమే చూడలేము. ఒకే గదిలో రెండు ప్రజావసరాలు పోటీపడుతున్నాయి. రెండవ గది కట్టవలసినవారు దానిని కట్టలేదు.

ఉప్పల్, నాచారం: నడుమ నున్న ఊరు

ఉప్పల్, నాచారం ప్రాంతాల సాంఘిక నిర్మాణం సుల్తాన్ బజారుకు భిన్నమైనది. పారిశ్రామికవాడలు, వాటి వెంట కార్మికుల బస్తీలు, ఆ తరువాత ఉద్యోగుల కాలనీలు ఈ ప్రాంతానికి రూపమిచ్చాయి. హబ్సిగూడలో జాతీయ పరిశోధన సంస్థలు, దాపున ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. నాచారంలో రామకృష్ణా స్టూడియో వెలసింది. వరంగల్లు, భువనగిరి వైపు బస్సులకు ఉప్పల్ కూడలి నగరద్వారం వంటిది. ఆ దారిన వచ్చి స్థిరపడినవారిలో ఉపాధ్యాయులు, కవులు, కథకులు ఉన్నారు. పాఠకులకు గాని రచయితలకు గాని ఇక్కడ కొరత లేదు.

కొరత ఉన్నది పాలనాపరమైన నిలకడకు. హైదరాబాదు జిల్లా నుంచి విడివడి 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉప్పల్ భాగమైంది. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రా పురపాలక సంఘాలు బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. 2016లో ఈ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. విలీనం తరువాత ఇంటిపన్నుతో గ్రంథాలయ పన్నును వసూలుచేసే బాధ్యత నగరపాలక సంస్థది, దానిని వినియోగించే బాధ్యత జిల్లా గ్రంథాలయ సంస్థది అయింది. నగరం ఒకటి, జిల్లా వేరొకటి. నగరానికి కేంద్ర గ్రంథాలయం చిక్కడపల్లిలో ఉంది. ఉప్పల్ చెందిన జిల్లా వేరు. ఇట్టి స్థితిలో శివారు గ్రంథాలయం ఎవరి ప్రణాళికకూ కేంద్రం కాలేదు.

ఫలితంగా ఉప్పల్‌లో నివసించే రచయిత తన పుస్తకాన్ని చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రంలోనో, రవీంద్రభారతిలోనో ఆవిష్కరించుకుంటాడు. పక్కవీధి పాఠకుడు ఆ వార్తను మరునాడు పత్రికలో చూస్తాడు. స్థానికంగా సభ జరిగితే కాలనీ సంక్షేమ సంఘ భవనమో, పాఠశాల ప్రాంగణమో దిక్కు. పుస్తకం పుట్టిన చోటికీ అది ప్రకటితమైన చోటికీ మధ్య ఏర్పడిన ఈ దూరం స్థానిక సాహిత్య చరిత్రకు నష్టం కలిగించేది.

ఆవిష్కరణ సభ: కృతి సమర్పణ పునరాగమనం

ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రిక ఒక స్థిరమైన రూపాన్ని పొందింది. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, ఆవిష్కర్త, విశిష్ట అతిథులు, గ్రంథపరిచయ కర్త, ఆత్మీయ అతిథులు, తొలిప్రతి స్వీకర్త, చివర రచయిత స్పందన, వందన సమర్పణ. ఈ క్రమంలో గ్రంథాన్ని తప్పనిసరిగా చదివి రావలసినవారు పరిచయ కర్త ఒక్కరే. రచయిత వంతు వచ్చేసరికి సభ సగం ఖాళీ అవుతుంది. పాఠకుల ప్రశ్నలకు కేటాయించిన సమయం ఆహ్వానపత్రికలో సాధారణంగా కనిపించదు.

దీనిని కేవలం ఆడంబరంగా కొట్టివేయడం తగదు. తెలుగులో చాలా పుస్తకాలు రచయితల సొంత ఖర్చుతో, ఐదువందలో వెయ్యో ప్రతులుగా వెలువడుతున్నాయి. పంపిణీ వ్యవస్థ బలహీనం. సమీక్షకు పత్రికల్లో చోటు కుదించుకుపోయింది. ప్రకటన, విక్రయం, సమీక్ష అనే మూడు పనులనూ ఒక్క సాయంత్రమే చేయవలసి వస్తున్నది. ఆ భారమే సభను ఈ రూపానికి తెచ్చింది.

అయినా రూపంలోని విపర్యయం గమనింపక తప్పదు. కృతి సమర్పణలో కృతిపతి కవిని సత్కరించాడు. ఆవిష్కరణ సభలో కవి తన ఖర్చుతో అతిథులకు శాలువా కప్పి జ్ఞాపిక ఇస్తున్నాడు. ఇచ్చే చేయి మారింది గాని, సభికుడు మళ్ళీ సాక్షిగానే మిగిలాడు. భాషానిలయం కాలంలో పాఠకసమాజానికి దక్కిన స్థానం తిరిగి వేదిక మీది కొందరికి వెళ్ళింది. గ్రంథాలయ సభలోనూ అధ్యక్షులు, సన్మానాలు ఉండేవి. కాని సభ ముగిశాక పుస్తకం అక్కడే, అదే పాఠకుల నడుమ మిగిలేది. మరునాడు దానిని చదివినవారు మరొక సభలో దాని గురించి మాట్లాడగలిగేవారు. అద్దె సభామందిరానికి ఆ మరునాడు లేదు.

ముగింపు

ఈ పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు పుస్తకావిష్కరణ సభను సాహిత్య సంస్థల చరిత్రలో భాగంగా అధ్యయనం చేయాలి. ఆహ్వానపత్రికలు, సభావార్తలు, గ్రంథాలయాల వార్షిక నివేదికలు అందుకు ఆధారాలు. ఇవి గ్రంథాల వలె భద్రపడేవి కావు కనుక వాటి సేకరణ శాఖాగ్రంథాలయాల స్థాయిలోనే ఆరంభం కావాలి. ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాల సాహిత్య చరిత్ర రేపు రాయవలసినవారికి మరొక ఆధారం ఉండదు.

రెండవది, గ్రంథాలయంలో సభ అన్నది కొత్త కోరిక కాదు. 1901 నుంచి తెలంగాణ గ్రంథాలయం చేసిన పని అది. ఉపన్యాసాన్ని గ్రంథాలయ విధుల్లో చేర్చిన చట్టం భావించిన పని కూడా అదే. పరీక్షలకు చదివేవారి మౌనాన్ని కాపాడుతూనే, శాఖకు వేరుగా ఒక గది, నెలకొక సాయంత్రం, ముందుగా చందాదారులకు అందే కొన్ని ప్రతులు, రచయితను అడిగే సమయం సమకూర్చడం అసాధ్యమైన ఏర్పాటు కాదు. 1921లో తెలుగువాడు వేదిక ఎక్కి మాట్లాడే హక్కు కోసం గ్రంథాలయాలను కట్టుకున్నాడు. వేదిక మీద తెలుగుకు నేడు లోటు లేదు. లోటు ఉన్నది వేదిక ముందు కూర్చున్న పాఠకుడి గొంతుకు. అది తిరిగి వినిపించవలసిన చోటు అతని ఇంటికి దగ్గరలో ఉన్న గ్రంథాలయమే.