కొల్లేటి తిండి ఎవరి చేతిలో ఉంది?

ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య భీమడోలు ఉన్న చోటు చూడండి. ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు మెట్ట, దక్షిణాన కాలవ కింద వరిచేలు, వాటికి ఆవల కొల్లేరు సరస్సు. కూరగాయలూ బియ్యమూ చేపా ఒక్క సంతలో కలవడానికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు. పట్టణాల్లో ఖాళీ జాగాలను కలిసి సాగుచేసుకుని స్థానిక ఆహారాన్ని నిలబెట్టుకుందామని ఇప్పుడు చాలామంది అంటున్నారు. మంచి మాటే. కానీ తిండి ఎన్ని మైళ్ల నుంచి వచ్చిందన్నదాని కంటే, దాన్ని పండించే నేలమీదా నీటిమీదా నిర్ణయం ఎవరిదన్నదే ముఖ్యమని కొల్లేటి చరిత్ర చెబుతోంది.

చేపల చెరువులు రాకముందు కొల్లేరు ఒకే నేలమీద రెండు పంటలిచ్చేది. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చి పోస్తే సరస్సు పొంగి లంకలను చుట్టుముట్టేది. తాటిమానును తొలిచి చేసిన దోనెల మీద లంకవాసులు తిరిగేవారు, మావులనే బోనులు పెట్టి కొర్రమీను, జెల్ల పట్టేవారు. ఉప్పుటేరు గుండా నీరు సముద్రానికి లాగేసి, సరస్సు అడుగు బయటపడ్డాక, ఆ ఒండ్రులోనే దాళ్వా వరి వేసేవారు. ఎక్కడ వల కట్టాలో, ఏ పల్లం ఎప్పుడు దున్నాలో అక్కడుండే మనుషులే తేల్చుకునేవారు. అదేమీ స్వర్ణయుగం కాదు. ఆలస్యంగా వచ్చిన వరద ఒక్కటి చాలు, ఏడాది కష్టం నీటిపాలు కావడానికి.

ఇక్కడే ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఊరి తిండి మీదే ఆధారపడితే కరువొచ్చినప్పుడు ఊరే పోతుంది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది, దాని దెబ్బ చుట్టుపక్కల జిల్లాలకూ తగిలింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలవలు ఈ ప్రాంతానికి నిలకడైన పంటను ఇవ్వడమే కాక పడవల మీద ధాన్యం రవాణాకూ దారి వేశాయి. దూరపు నీరూ దూరపు సరుకూ ప్రాణాలు నిలిపిన మాట నిజం. దాన్ని కాదనే స్థానికవాదం నాకు అక్కర్లేదు. ఇచ్చిపుచ్చుకోవడం వేరు, తన నేలమీద తనకే మాట లేకపోవడం వేరు.

ఆ రెండోది కొల్లేటిలో ఎలా జరిగిందో చూడాలి. 1976లో ప్రభుత్వం లంకల పేదలతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకు భూమి ఇచ్చింది. కాగితం మీద అది అచ్చమైన సామూహిక సాగే. కానీ చెరువు తవ్వాలన్నా, మేత వేయాలన్నా పెట్టుబడి కావాలి. అది మోయలేక ఎన్నో సంఘాలు చెరువులను బయటివారికి లీజుకిచ్చాయి. హక్కుదారులు తమ చెరువుగట్ల మీదే కూలీలయ్యారు. బొచ్చె, శీలావతి ఐసుపెట్టెల్లో లారీలెక్కి బెంగాలుకూ అస్సాంకూ వెళ్లాయి. గట్లు వరద దారిని మూసేశాయి. ఆ తర్వాత కొల్లేరుకు 1999లో అభయారణ్య హోదా, 2002లో చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి. 2006లో అభయారణ్యానికి హద్దయిన అయిదో కాంటూరు లోపలి చెరువులను కొట్టేశారు. చెరువులు డబ్బూ పనీ తెచ్చాయన్నది అబద్ధం కాదు. అయితే పేదింటి కుండలోకి ఉచితంగా వచ్చే చిన్నచేపను ఆ డబ్బు తిరిగి తేలేదు.

పట్టణాల్లో సాగుకు నేల వెతికేవారు ముందుగా నేర్చుకోవలసినది నేలమీద హక్కు ఎవరిదన్న ఈ పాఠమే. సోవియట్ సాయం ఆగిపోయిన 1990లలో క్యూబాలోని హవానా నగరం ఖాళీ స్థలాల్లో కూరగాయలు పండించుకుంది. ఆ స్థలాలను ప్రభుత్వం సాగుహక్కుతో అప్పగించడం దానికి ముఖ్యమైన ఆధారం. మన దగ్గర 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు అమ్మకం వైపు చిక్కును కొంత విప్పాయి, నేల చిక్కు మాత్రం అలాగే ఉంది. పట్టణం తన బియ్యాన్ని తాను పండించుకోలేదని అంటారు. నిజమే, అది డెల్టా పని. ఆకుకూరలు, బీర, పొట్ల, ఆనప పట్టణంలో పండించగలం. మెలకువలు చెప్పడానికి తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. లేఅవుట్లలో ఉమ్మడి అవసరాలకు వదిలిన ఖాళీ స్థలాలున్నాయి. వాటిలో కొన్నింటిని అక్కడి మహిళా సంఘాలకు దీర్ఘకాలిక సాగుహక్కుతో రాసివ్వాలి. మొదటి రెండేళ్ల పెట్టుబడి ప్రభుత్వమే పెట్టాలి. ఇంకొకరికి లీజుకివ్వకూడదన్న షరతు ఆ పత్రంలో ఉండాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం పాలకులు విత్తనాల పొట్లాలు పంచడానికి ముందు చేయవలసిన పని ఇది.