రంపము నడచిన త్రోవ

నంద్యాలకు తూర్పున నల్లమల అడవులు కలవు. ఆళ్లగడ్డ రాతిశిల్పులకు ప్రసిద్ధి. కొయ్యయైనను రాయియైనను పనికి మొదట కోత కావలెను.

పూర్వము పెద్ద దుంగను కోయుటకు ఒకడు పైనను, ఒకడు క్రిందను నిలిచి రంపము లాగెడివారు. పళ్లు ఒక దిక్కుననే కోయును. తిరుగు లాగుడు కోతకు రాదు. గుండ్రని రంపము ఈ లోపమును తీర్చెను. 1777లో ఇంగ్లండునందు సామ్యూల్ మిల్లర్ పొందిన పేటెంటులో దాని ప్రస్తావన కలదు. చక్రము ఒకే దిక్కున తిరుగుటచే కోత ఎడతెగక సాగును.

అమెరికాలో రేమండ్ డివాల్ట్ మోటారును, రంపమును ఒక దూలమునకు తగిలించి 1925లో పేటెంటు పొందెను. దూలమును త్రిప్పినచో అడ్డకోత, ఏటవాలు కోత, నిలువుకోత అన్నియు ఒకే యంత్రమున సాధ్యమయ్యెను. చిన్న వడ్రంగి కొట్టునకు ఇట్టి యంత్రము ఎంతో అనువు.

రాతిని కోయు చక్రమునకు కొయ్యరంపపు పళ్లుండవు. అంచున పొదిగిన వజ్రపు రేణువులు రాతిని అరుగదీయును.

30 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రము నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో అంచు వేగము గంటకు దాదాపు 170 కిలోమీటర్లు! మీట ఆపినను అది వెంటనే నిలువదు. పని మార్చునపుడు తొందరపడినచో వ్రేళ్లు తెగును. కావున ప్లగ్గు ఊడదీసి, చక్రము పూర్తిగా ఆగిన పిమ్మటనే చేయి పెట్టవలెను.