రెండున్నర నూళ్ళ స్టడ్

ఎడమ మడ్‌గార్డు మీద గోనెపట్టా, దాని మీద నా పొట్ట. తలా చేతులూ అంబాసిడర్ బానెట్ కింద ఉన్నాయి. పొద్దున తొమ్మిదికే విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు రేకు కాలుతోంది. పక్కన లారీ బాడీకి రివిట్లు కొడుతున్నారు. ఆ దెబ్బలు నా పళ్ళలో తెలుస్తున్నాయి. ముక్కుకు జానెడు దూరంలో, ఇంజన్ వెనక మూల, ఆ నట్టు.

"కనిపిస్తోందా బాబూ?" అవతలి పక్క నుంచి లైటు పట్టుకుని మేస్త్రి అడుగుతున్నాడు.

కనిపిస్తోంది. మిగతావన్నీ ఒకటొకటిగా వచ్చేశాయి. చెయ్యి సరిగా పట్టని చోటున్న ఇదొక్కటే పట్టేసింది. నిజానికి పని చిన్నదే. మానిఫోల్డుకీ హెడ్డుకీ మధ్య గాస్కెట్ కాలిపోయి, బండి స్టార్టయినప్పుడల్లా ఫట్ ఫట్‌మని పొగ ఊదుతోంది. 1972 నాటి మార్క్ 2 ఇది. నూజివీడులో మామిడిచెట్టు కింద మా మామయ్య పదకొండేళ్ళు వదిలేసిన బండి.

ఇనుము తుప్పు పడితే రెండింతలకు మించి చోటు కావాలంటుంది. మరల సందుల్లో అంత చోటు ఎక్కడుంది? అందుకని నట్టునీ స్టడ్‌నీ కలిపి ఒరుసుకుంటూ బిగుసుకుపోతుంది. దీన్ని చివరిసారి బిగించిన చెయ్యి ఎవరిదో గానీ, ఇప్పుడు నట్టుని పట్టుకున్నది మాత్రం ఆ చెయ్యి కాదు, తుప్పు. బలం పెడితే వస్తుందిలే అనుకోవడంలో పొరపాటు అక్కడే ఉంది.

ఆ పొరపాటు నిన్న సాయంత్రం నేను చేశాను. చేతికందిన 13 మిల్లీమీటర్ల పానా వేసి లాగితే అది జారి, నట్టు మూలలు కొంచెం అరిగాయి. మేస్త్రి తిట్టలేదు, పానా మాత్రం లాక్కున్నాడు. "ఇది ఇంగ్లీషు బండి. రెండున్నర నూళ్ళ స్టడ్, నాలుగు నూళ్ళ పానా," అన్నాడు. ఆయన లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్ళు. అంటే స్టడ్ 5/16 అంగుళం, నట్టు పలక నుంచి పలకకి అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. తేడా 0.3 మాత్రమే, మూలలు కొరికెయ్యడానికి అది చాలు. బ్రిటన్, అమెరికా, కెనడా 1948లో ఒప్పుకున్న మరల కొలత ఇది, అంగుళానికి 24 మరలు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌తో పాటు ఉత్తరపారా ఫ్యాక్టరీకి వచ్చి, దేశమంతా మీటర్లలోకి మారాక కూడా ఈ ఇంజన్‌లో ఉండిపోయింది.

రాత్రంతా నట్టు కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపిన చుక్కల్లో నానింది. మేస్త్రి ఇప్పుడు ఇత్తడి కడ్డీ దాని నెత్తిన ఆనించి చిన్న సుత్తితో తడుతున్నాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ఎర్రటి పొడి రాలి నా మణికట్టు చెమటకి అంటుకుంటోంది. తరవాత నట్టు మీద నుంచి స్టడ్ కొన మీదికి సున్నంతో సన్నటి గీత గీశాడు. ఎందుకో అడగలేదు.

"ఇప్పుడు బిగించు."

"బిగించడమా?"

"అటు వీసమెత్తు కదిలితే ఇటు అదే వస్తుంది."

ఆరు పలకల బాక్స్ పానా తొడిగి బిగించాను. కదల్లేదు. ఇటు తిప్పాను. పానా మెల్లగా చేతిలోకి వచ్చింది! అరచెయ్యి వదులు చేశాను. మళ్ళీ వెనక్కి పోయింది.

"ఆగు," అన్నాడు మేస్త్రి. చూడకుండానే ఎలా తెలిసిందో. "అది తిరగట్లేదు. మెలిపడుతోంది."

ఈ రెంటికీ తేడా చేతికే తెలియాలి. తిరిగే నట్టు ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. మెలిపడే స్టడ్ తడిబట్ట పిండినట్టు ఉంటుంది, వదిలితే వెనక్కి లాగుతుంది. ఇంకాస్త లాగితే ఉన్నట్టుండి మెత్తబడుతుంది. ఆ మెత్తదనం హాయిగానే ఉంటుందట, వచ్చేసిందనిపిస్తుందట. మరుక్షణం సగం స్టడ్ చేతిలోనూ సగం హెడ్డులోనూ. అప్పుడు హెడ్డు విప్పాలి, విరిగిన ముక్క మధ్యన బెజ్జం వెయ్యాలి. రెండు రోజుల పని.

ఇక గ్యాసు. కార్బురేటర్ నిన్ననే విప్పేశాం. కుర్రాడు పెట్రోలు గొట్టం మూతి బిగించి దూరంగా కట్టాడు, తడి గోనె కప్పాడు, ఇసుక బక్కెట్ కాలి పక్కకి జరిపాడు. నీలం మంట సూదిమొనలా సన్నబడింది. మేస్త్రి దాన్ని స్టడ్‌కి తగలనివ్వకుండా నట్టు చుట్టూ తిప్పుతున్నాడు. ముందు నూనె పొగ, గొంతు గీరేలా. తరవాత నట్టు అంచు కందగడ్డ రంగుకి వచ్చింది. నాలుగొందల డిగ్రీలు ఎక్కితే ఇంత నట్టు రంధ్రం పెరిగేది వెంట్రుక మందంలో సగం. ఆ సగంలోనే తుప్పు పట్టు పగలాలి.

మంట తీశాడు. కుర్రాడి చేతిలోంచి కొవ్వొత్తి అందుకుని వేడి మర మొదట్లో ఆనించాడు. మైనం చుయ్‌మని కరిగి, బయట కారకుండా లోపలికి పోయింది. ఎవరో పీల్చుకున్నట్టే.

"లాగు. ఆపకుండా, కుదపకుండా."

లాగుతున్నాను. లోపల ఎక్కడో కిర్రుమంది. పానా కదిలింది.

"గీత చూడు!"

చూశాను. నా గుండె జారింది. గీత విడిపోలేదు. నట్టుతో పాటు స్టడ్ కొన కూడా తిరిగింది. మెలిపడిందా?

"వదులు."

వదిలాను. పానా వెనక్కి పోలేదు.

మేస్త్రి నవ్వాడు. "స్టడ్డే వచ్చేస్తోంది. రానీ."

నట్టు తన పట్టు వదలకుండా, స్టడ్‌నే హెడ్డులోంచి పీక్కొస్తోంది. పావు చుట్టు ఇటు, కొంచెం అటు, చుక్క నూనె. ప్రతి చుట్టుకీ పొడి రాలుతోంది. అంగుళానికి 24 మరలని నిన్న ఊరికే విన్నాను గానీ ఇప్పుడు ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాను. ఆఖరికి పట్టకారుతో పైకి తీస్తే, నట్టూ స్టడ్డూ ఒకే ముక్కగా పొగలు కక్కుతున్నాయి.

కుతూహలం కొద్దీ మేస్త్రి దాన్ని వైస్‌లో బిగించి, నట్టు మీద పానా వేసి రెండు వేళ్ళతో లాగాడు. ఠప్‌మంది. విరిగిన మొహం నా వైపు తిప్పి చూపించాడు. ముప్పావు వంతు నల్లగా, ఎప్పటిదో పాత చీలిక. ఓ అంచున మాత్రం గోరు కత్తిరించిన ముక్కంత మేర తెల్లగా మెరుస్తోంది.

"ఒరేయ్, రెండున్నర నూళ్ళ టాప్ ఇటివ్వు," అన్నాడు. "రెండు ఇత్తడి నట్లు కూడా తే."