పాత క్యాసెట్లు దాచేటప్పుడు: ఎంపీ3 చాలదు

సభ్యుల ఇళ్లలో ఇంకా మిగిలిన క్యాసెట్లలో పెళ్లిపాటలు, మంగళహారతులు, హరికథలే ఎక్కువ. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్, ఏ ఊరి తెలుగు యాస ఆ ఊరిదే. పాడిన పెద్దవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే ముందు ఈ నాలుగు మాటలు తెలుసుకోవాలని రాస్తున్నాము.

సీడీ నాణ్యత అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాయడం. స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది. ఏమీ తగ్గించకుండా దాచే వేవ్ ఫైలు ఇదే. 60 నిమిషాల క్యాసెట్టుకు 600 ఎంబీ పైనే పడుతుంది.

ఎంపీ3 దారి వేరు. డోలు మోగుతుంటే పక్కవాళ్ల గుసగుస వినపడదు కదా! అలా పెద్ద శబ్దం చాటున చెవికి ఆనని వాటిని అది తీసి పారేస్తుంది. 128 కిలోబిట్ల దగ్గర నిమిషానికి 1 ఎంబీతో సరిపెడుతుంది. బస్సులో ఫోనులో వినడానికి అది చాలు, దానికి మించి హడావిడి అక్కర్లేదని మా అభిప్రాయం. 64కు దించితే మాట బాగానే ఉంటుంది గానీ హరికథలో తాళాలు గలగలమనడం మాని బుసబుసమంటాయి.

పారేసింది మళ్లీ రాదు. ఎంపీ3ని వేవ్‌గా మారిస్తే ఫైలు లావెక్కుతుంది, అంతే. కత్తిరించి మళ్లీ ఎంపీ3గా దాచిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది.

ఫ్లాక్ అనే పద్ధతి 2001 నుంచి ఉచితంగా ఉంది. పట్టుచీర మడతపెట్టినట్టు చోటు తగ్గిస్తుంది, విప్పితే అదే చీర. సాధారణంగా వేవ్‌లో సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

కాబట్టి దుకాణంలో ఇస్తే వేవ్ గాని ఫ్లాక్ గాని అడిగి తీసుకోండి. బుస తగ్గిస్తామంటే ఆ పని వేరే నకలు మీద చేయించండి, అసలు ఫైలు ముట్టుకోనివ్వకండి. బంధువులకు ఎంపీ3 నకలు పంపుకోవచ్చు. స్పీకరు దగ్గర ఫోను పెట్టి వాయిస్ మెసేజ్ మాత్రం చేయవద్దు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టే చేరుతుంది. రెండు వేర్వేరు డిస్కుల్లో దాచండి, క్యాసెట్టునూ పారేయకండి. ఫైలు పేరులో పాడినవారి పేరు, ఊరు, సందర్భం రాయండి. ‘ట్రాక్ 1’ అని ఉంటే మన మనవలకు అది ఎవరి గొంతో తెలియదు.