అనంతపురసీమలో నాడీపరీక్ష

ఏటేట చినుకుకై ఆకాశమునే నమ్ముకొని, వేరుసెనగ చేలనడుమ ఊరికి ఊరు దూరమై పరచుకొనిన అనంతపుర పీఠభూమిలో, ఎవరికేని ఉన్నట్టుండి మూతి వంకరపోయి, మాట తడబడి, కాలుసేయి పడిపోయినచో, మోటారుబండ్లు లేని ఆ కాలమున మొదట కబురందునది నాడి పట్టగల వైద్యునికే. రోగి కోలుకొనునా, మంచమునకే అంటుకొనిపోవునా యని ఇంటిల్లిపాదియు తన మొగము చూచుచుండ, ఆయన పురుషునకు కుడిచేతను, స్త్రీకి ఎడమచేతను, బొటనవ్రేలి మొదట మూడువ్రేళ్లానించి, పామువలె వంకరగా నడచునది వాతనాడి యనియు, కప్పవలె దుముకునది పిత్తనాడి యనియు, హంసవలె మెల్లగా సాగునది శ్లేష్మనాడి యనియు నిర్ణయించెడివాడు. తెలుగువైద్యులకు ఈ విద్యలో ఆదరువైన బసవరాజీయము నాడీపరీక్షతోనే ఆరంభమగును. ఆగియాగి నడచు నాడి ప్రాణహానికి సూచకమని శార్ఙ్గధరసంహిత హెచ్చరించును.

ఆ యొక్క హెచ్చరిక నాకు మిక్కిలి గౌరవాస్పదముగా దోచును. కారణము తెలియకున్నను లక్షణమును ఆ వ్రేళ్లు పట్టినవి. క్రమము తప్పిన నాడికి తరచుగా మూలమైన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, గుండె పైగదులు సరిగా ముడుచుకొనక వణకుటచే, అందు నిలిచిన రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడు ధమనిలోనికి కొట్టుకొనిపోయి పక్షవాతమును దెచ్చునని నేడెరుగుదుము.

నాడిని గడియారముతో లెక్కించు పద్ధతిని ఇంగ్లండున జాన్ ఫ్లోయరు 1707లో గ్రంథస్థము చేసెను. పక్షవాతపు తొలిదినములలో, విశ్రాంతిగా పడియున్నను గుండె వడిగా కొట్టుకొను రోగులు సగటున తక్కువగా కోలుకొందురని తరువాతి పరిశోధనలు పలుమారు తెలిపినవి. అయితే మెదడు గాయమే, ముఖ్యముగా ఇన్సులా అను భాగము దెబ్బతినినపుడు, గుండెలయను చెదరగొట్టగలదు గనుక, ఆ వడిని గాయపు తీవ్రతకు గుర్తుగా గ్రహింపవలెనే గాని, మందుతో దానిని తగ్గించినంతమాత్రాన రోగి లేచి తిరుగునని తలపరాదు. కనీసము మొదటి 24 గంటలైనను గుండెలయను తెరపై ఎడతెగక కనిపెట్టవలెనని వైద్యులు పట్టుపట్టుట, దాగిన లయభంగము బయటపడుటకే.

ఈ సీమకు అట్టి వసతులు ఆలస్యముగా వచ్చినవి: పుట్టపర్తి పెద్దాసుపత్రి 1991లోను, బత్తలపల్లిలో ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఆసుపత్రి 2000లోను వెలసినవి. 108 బండ్లు 2005లో రాష్ట్రమున కదలినవి. 1969లో ఈ కరవునేలకు వచ్చి ఆర్.డి.టి.ని నెలకొల్పిన ఫాదర్ ఫెర్రరు తానే 2009 మార్చిలో పక్షవాతమునకు గురియై, జూను 19న అనంతపురమున కన్నుమూసెను.

గడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపు, అదియు స్కానింగు పిమ్మటనే, ఈయదగినది. కావున కాలుసేయి పడిపోయిన వేళను గుర్తుంచుకొని వెంటనే 108కి ఫోను చేయుడు. నాడి తప్పితప్పి కొట్టుకొను పెద్దలకు ఆపద రాకమునుపే ఇ.సి.జి. తీయింపుడు.